కెమెరాకు కనబడిన అవ్వ

పదిమంది ముందు ఒక ముసలామెను అబద్ధం చెబుతున్నావని అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు. ఇప్పటికీ నన్ను వణికించేది అదే, ఆ అనుమానం లేకపోవడం.

మా ఇల్లు పెనుకొండలో. హిందూపురం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. మా ఆయనకు ధర్మవరంలో రైల్వే ఉద్యోగం. పొద్దున ఆయన అటు రైలెక్కితే నేను ఇటు కారు తీసేదాన్ని. నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్న డ్రైవింగు కాబట్టి దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

కాలేజీలో నేను చెప్పేది ఇమేజ్ ప్రాసెసింగ్. ఫోటోలను, వీడియోలను కంప్యూటరులో ఎలా దాచాలి, ఎలా కుదించాలి, పాడైపోయినవాటిని ఎలా బాగు చేయాలి అనే సబ్జెక్టు. దాన్ని నేను ఎప్పుడూ కంటి దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఆ లెక్కలన్నీ మనిషి ఎలా చూస్తాడన్న దాని మీదే నిలబడ్డాయి. మన కన్ను వెలుగు నీడల తేడాను ఇట్టే పసిగడుతుంది. రంగుల్లోని సన్న సన్న తేడాలను అంతగా పట్టించుకోదు. అందుకే ఫోటోను చిన్న ఫైలుగా కుదించేటప్పుడు వెలుగు వివరాలను జాగ్రత్తగా ఉంచి, రంగు వివరాలను సగానికి పైగా పారేస్తారు. చూసేవాళ్లకు ఏ లోటూ తెలియదు. కన్ను అడగనిదాన్ని మనం మోయనక్కర్లేదని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఏదో గొప్ప కిటుకు విప్పి చూపిస్తున్నట్టు ఉండేది నాకు.

ల్యాబులో ఇంకో పని చేయించేదాన్ని. చిరిగిపోయిన పాత ఫోటో ఇచ్చి, చిరుగును చుట్టుపక్కల చుక్కలను, అంటే పిక్సెళ్లను, బట్టి పూడ్చమనేదాన్ని. పక్కన గోడ ఉంటే గోడతో, ఆకాశం ఉంటే ఆకాశంతో. అతుకు ఎక్కడుందో నేను కనిపెట్టలేకపోతే పూర్తి మార్కులు.

ఆ రోజు పొద్దున ఎనిమిది దాటింది. చెనక్కాయ పీకడం అయిపోయిన కాలం. పరిగికి రోడ్డు చీలే చోటు ఇంకా కొంచెం దూరముంది. రోడ్డు ఖాళీగా ఉంది. ఎడమ పక్కన కంపచెట్లు, వాటి వెనక బోసిపోయిన చేను. కాలేజీలో తొలి గంట పాఠం గురించి ఆలోచించుకుంటూ, చూపు మాత్రం రోడ్డు మీదే పెట్టి, నిదానంగానే పోతున్నాను. ఉన్నట్టుండి కారు ముందు భాగానికి ఏదో మెత్తగా, బరువుగా తగిలింది. బ్రేకు మీద నిలబడ్డట్టు నొక్కాను.

దిగి చూస్తే ఎడమ చక్రం ముందు ఒక గొర్రె పడి ఉంది. వెనక కాళ్లు కదలడం లేదు. రోడ్డు పక్క గుంతలోంచి మిగిలిన మంద పైకెక్కి నా చుట్టూ చెదిరిపోయింది. ఇవన్నీ ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో నాకు అర్థం కాలేదు. భుజం మీద మడిచిన కంబళి, చేతిలో పొడుగాటి కట్టెతో ఒక అవ్వ వచ్చి ముందు గొర్రె పక్కన కూర్చుంది. దాని కడుపు మీద చెయ్యి పెట్టి తడిమింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"కట్టె అడ్డం పట్టుకోని నిలబడుకోనుంటి గదమ్మా. నా తట్టే చూస్తా వస్తివి. ఆపుతావులే అనుకుంటి."

నేను ఆమె వైపు చూడలేదు. చూడటానికి అక్కడ ఎవరూ లేరు. అదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. అరవలేదు, ఏడవలేదు. తాను నిలబడ్డ చోటికి పోయి చూపించింది. తారు అంచు నుంచి రెండడుగులు లోపలికి, రోడ్డు మీదే. అక్కడ మనిషి నిలబడి ఉంటే కనబడకపోవడమన్నది జరగని పని. నాకు కోపం వచ్చింది.

"నువ్వు ఆడ లేవవ్వా. మందను వదిలేసి యాడో కూచోని, ఇప్పుడొచ్చి అబద్ధం చెబుతాండావు."

అప్పటికే దగ్గర్లోని టీ అంగడి నుంచి పదిమంది దాకా వచ్చి చేరారు. వాళ్లలో ఎవరూ జరిగింది చూడలేదు. అయినా అంగడి అతను నా చీర, నా కారు, మెడలో కాలేజీ కార్డు చూసి, మేడం చదువుకున్న మనిషి, ఆమెకు అబద్ధమాడే అవసరమేముందని తేల్చేశాడు. కంప నీడన కునుకు తీసి ఉంటావులే అవ్వా అని ఇంకొకాయన అన్నాడు. ఆమె అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. నేను దుడ్లు ఇవ్వబోతే నా చేతి వైపు కూడా చూడలేదు. ఇద్దరు గొర్రెను మోసుకుని పోతుంటే మంద వెనకే నడిచిపోయింది. నేను కాలేజీకి పోయి, పాఠం చెప్పి, స్టాఫ్ రూములో ఈ కథంతా చెప్పుకుని సానుభూతి కూడా పొందాను.

సాయంత్రం ఆరున్నరకు మా ఆయన వచ్చాడు. కారుకు తగిలిన దెబ్బ చూసి, కెమెరాలో పడి ఉంటుంది కదా అన్నాడు. హైవే మీద లారీల భయంతో ఆయనే పోయిన ఏడు కారు అద్దానికి చిన్న కెమెరా అతికించాడు. దాని సంగతే నేను మర్చిపోయాను. అవ్వ కేసు పెడితే మన దగ్గర సాక్ష్యం ఉంటుందని నాకు ధైర్యం వచ్చింది. కెమెరాలోని మెమరీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాం.

వీడియోలో రోడ్డు వచ్చింది. కంపచెట్లు వచ్చాయి. వాటి ముందు, రోడ్డు మీద, అవ్వ నిలబడి ఉంది.

నీలం చీర. భుజాన కంబళి. రెండు చేతులా కట్టెను అడ్డంగా పట్టుకుని, సూటిగా కెమెరా వైపు, అంటే నా వైపు చూస్తోంది. దూరాన చిన్నగా మొదలై, నిండు మనిషంతయ్యే దాకా అట్లాగే నిలబడింది. చివరి క్షణంలో వెనక్కి తగ్గింది. ఒక గొర్రె మాత్రం ముందుకొచ్చేసింది. తర్వాత ఆ శబ్దం.

మా ఆయన వీడియో ఆపి నా మొహం చూశాడు. ఇది వేరే రోజుదేమో అన్నాను. ఆయన మూలన ఉన్న తేదీ చూపించాడు. నేను అబద్ధం చెప్పలేదు. నా జ్ఞాపకంలో ఆ చోట కంపచెట్లు ఉన్నాయి, ఆకులతో సహా ఉన్నాయి. కళ్లు మూసుకుంటే ఆ నిమిషానికి కూడా అవే కనబడుతున్నాయి. తెర మీద మాత్రం మనిషి ఉంది.

మళ్లీ వెయ్యమన్నాను. ఈసారి డ్రైవింగులో చూసినట్టే రోడ్డు నడిమి మీద చూపు నిలిపి చూశాను. అవ్వ లేదు. ఆమె ఉండాల్సిన చోట కంపచెట్లు పచ్చగా, నిండుగా ఉన్నాయి. చూపు కాస్త ఎడమకు జరిపాను. అవ్వ ఉంది. మళ్లీ నడిమికి తెచ్చాను. లేదు.

చూపు నడిమిన నిలిపితే అవ్వ మాయమవుతోందని మా ఆయనకు చెప్పాను. చిరుగు పూడ్చడమంటే ఏమిటో నాకు తెలిసినంతగా మా జిల్లాలో ఎంతమందికి తెలుసు? పక్కనున్నదాన్ని తెచ్చి అతికించడం, అతుకు కనబడనీయకపోవడం. నా మెదడు ఒక మనిషిని తీసేసి, ఆ చోటును పక్కనున్న కంపచెట్లతో పూడ్చింది. అతుకు నాకే దొరకలేదు. అంత బాగా చేసింది.

మా ఆయన నా ముందు కూర్చుని, ఒక కన్ను మూయించి, వేళ్లు ఆడిస్తూ ఒక్కో పక్క నుంచి తెచ్చాడు. కొన్ని చోట్ల వేళ్లు ఉన్నట్టుండి గాలిలోంచి పుట్టుకొచ్చినట్టు కనబడ్డాయి. ఆయన చెయ్యి దించేశాడు. రేపు ధర్మవరంలో కంటి డాక్టరు దగ్గరికి పోదాం, కారు తాళాలు నా దగ్గరే ఉంటాయి అన్నాడు.

మరుసటి రోజు ఇద్దరం రైల్లో ధర్మవరం పోయాం. ప్లాట్‌ఫారం మీద ఆయన నా ఎడమ పక్కన, భుజానికి భుజం ఆనించి నడిచాడు. అయినా ఒకామె బుట్టతో నాకు ఎదురొచ్చి ఢీకొంది. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియలేదు. ఆమె తిట్టుకుంటూ పోయింది. ఇట్లాంటివి రెండేళ్లుగా నాకు అప్పుడప్పుడు జరుగుతూనే ఉన్నాయని అప్పుడు తట్టింది. కారు ఎడమ పక్క గీతలు పడితే కాలేజీ పిల్లల బైకుల మీద నెట్టేశాను. పలకరిస్తే పలకడం లేదని తోటి లెక్చరర్ ఒకామె మాట్లాడటం మానేస్తే, ఆమెకే ఏదో అసూయ అనుకున్నాను.

కంటి ఆసుపత్రిలో గిన్నె ఆకారంలో ఉన్న ఒక మిషను ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి, నడిమి చుక్క మీదే చూపు ఉంచాలి. చుట్టూ ఎక్కడ వెలుగు చుక్క మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. ఆ పరీక్ష దేన్ని కొలుస్తుందో నాకు తెలుసు. క్లాసులో దాని బొమ్మ కూడా గీసేదాన్ని. మొదట చుక్కలు బాగానే వచ్చాయి. తర్వాత చాలాసేపు ఏదీ రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, మిషను ఆగిపోయినట్టుంది చూడమ్మా అన్నాను టెక్నీషియన్ అమ్మాయితో.

"లేదు మేడం, లైట్లు వస్తానే ఉండాయి," అంది ఆ అమ్మాయి. "మీరు చుక్కనే చూడండి."

నా చేతిలో బటన్ తడిసిపోయింది. ఆ గిన్నె నాకు తెల్లగా, శుభ్రంగా కనబడుతోంది. ఎక్కడా నలుపు లేదు, మసక లేదు, రంధ్రం లేదు. అందులో వెలుగులు మెరుస్తున్నాయట. నాకు మాత్రం తెల్లదనమే.

డాక్టరు కాగితం మీద అచ్చేసిన బొమ్మలు ముందు పెట్టింది. రెండు గుండ్రాలు, ఒక్కో కంటికి ఒకటి. ఎడమ కంటిది సగానికి పైగా నల్లబడి ఉంది. కుడి కంటిలో ముక్కు వైపు, కింది భాగంలో నల్ల మరక. రెండూ ఒకదాని మీద ఒకటి పడే చోట, అంటే నాకు ఎడమ పక్కన కాస్త కిందికి, ఏ కన్నూ చూడటం లేదు. గ్లకోమా, మన వైపు నీటికాసులు అంటారు అంది. నొప్పి ఉండదు, ఎర్రబడదు, లోపలి ఒత్తిడి కంటి నరాన్ని మెల్లగా తినేస్తుంది. నల్లగా ఎందుకు కనబడలేదని అడిగాను. అడుగుతున్నప్పుడే నాకు జవాబు తెలుసు. మెదడు ఖాళీని ఖాళీగా ఉంచదని ఆమె ఓపికగా చెప్పింది. నేను పిల్లలకు చెప్పే వాక్యమే. ప్రతి మనిషి కంటిలోనూ పుట్టుకతోనే ఒక చిన్న గుడ్డి చుక్క ఉంటుందని ప్రతి ఏడూ కాగితం మీద గుర్తులు గీయించి చూపించేదాన్ని. గుర్తు మాయమైనప్పుడు పిల్లలు ఆశ్చర్యపోతే నవ్వేదాన్ని.

పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, జీవితాంతం కంట్లో చుక్కల మందు వేసుకోవాలి, కారు నడపకూడదు. ఇవన్నీ వరసగా చెప్పి, మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. ఎవరికీ లేదన్నాను.

తిరుగు రైల్లో, ఉన్నట్టుండి నాయన గుర్తొచ్చాడు. పరిగి దగ్గర మా పల్లెలో నాయన మంచి రైతు. చివరి ఏళ్లలో ఆయనకు పొగరెక్కిందని ఊరంతా అనుకుంది. ఎదురొచ్చిన మనిషిని పలకరించేవాడు కాదు. చిన్నాయన ఇంటి ముందే నిలబడి ఉంటే చూసి కూడా చూడనట్టు పోయాడని అన్నదమ్ములకు మాటలు తెగిపోయాయి. గడప తగులుకుని పడితే చూసుకుని నడవలేవా అని మేమే విసుక్కున్నాం. ఎవరూ లేరు కదా ఆడ అని ఆయన అమాయకంగా అనేవాడు. మేం నమ్మలేదు. ఆయన చనిపోయి తొమ్మిదేళ్లు. చిన్నాయన చావుకు కూడా రాలేదు. నేను కిటికీ వైపు తిరిగి మొహం దాచుకున్నాను.

ఆ వారం క్లాసులో ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాగితం మీది నల్ల మరకలు తెర మీద వేసి చూపించాను. కన్ను అడగనిది పారేయొచ్చన్న నా మాటలో, ఎవరి కన్ను అన్న ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదని ఒప్పుకున్నాను. పుస్తకంలో ఉన్నది ఆరోగ్యంగా ఉన్న, సగటు కన్ను. ఆ లెక్క తప్పు కాదు, అది లేకపోతే మీ ఫోన్లో ఇన్ని ఫోటోలు పట్టవు. అయితే పూడ్చిన చోటు నిజమని పూడ్చినవాడే నమ్మేస్తే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది. ఎడమ వరసలోంచి ఒక అమ్మాయి, "ఇప్పుడు నేను కనబడతాండానా మేడం?" అని అడిగింది. తల పూర్తిగా తిప్పి ఆమెను చూసి, ఇప్పుడు కనబడుతున్నావు అన్నాను.

అవ్వ దగ్గరికి పోవడానికి నాకు పది రోజులు పట్టింది. భయం కాదు, సిగ్గు. చివరికి ఒక ఆదివారం మా ఆయనతో బస్సులో పోయి, టీ అంగడికి దగ్గరి ఊళ్లో అడుగుతూ ఇల్లు పట్టుకున్నాం. ఇంటి ముందు కంపతో కట్టిన దొడ్డి. అవ్వ గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. నన్ను చూసి లేవలేదు. ఆ గొర్రె ఎట్లుందని అడిగాను. నిలబడలేకపోయిందని, రెండో రోజే కోసేశామని, అది చూడిదని చెప్పింది.

మా ఆయన గొర్రెకు ఇవ్వాల్సిన దుడ్లు, లోపలి నుంచి వచ్చిన అవ్వ కోడలి చేతికిచ్చాడు. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, నా కంటి సంగతి నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది. పిల్ల పాలు తాగడం అయ్యాక సీసా పక్కన పెట్టింది.

"అయితే నేను ఆడ లేనట్లే ఉండెనా నీకు?"

"అవునవ్వా."

"మరి నా జాగాలో ఏముండె?"

చెప్పకపోతే వచ్చి లాభం లేదు.

"కంపచెట్లు."

ఆమె నన్ను చూసింది. కోపమో జాలో నాకు తెలియలేదు. ఫోన్లో ఆ వీడియో ఉంది, చూస్తావా అని అడిగాను. రెండు చేతులా ఫోన్ పట్టుకుని చూసింది. కట్టె అడ్డం పెట్టుకుని నిలబడ్డ తనను తాను చూసుకుంటూ, చూస్తివా, నిలబడుకోనుండా కదా అని మెల్లగా అంది. నాతో కాదు, కోడలితో. గొర్రె ముందుకొచ్చే చోట ఫోన్ పక్కకు తిప్పేసింది. అప్పుడు లేచి కట్టె అందుకుంది.

"నాకు చెప్తే ఏం లాభముండాది. నాకు తెలుసు గదా. వాళ్లకు చెప్పు, పా."

టీ అంగడి దాకా ముగ్గురం నడిచాం. పొద్దున పది గంటల వేళ, ఆరేడుగురున్నారు. ఆ రోజు ఉన్నవాళ్లలో ముగ్గురు కనబడ్డారు. అవ్వ చెప్పింది నిజమని, రోడ్డు మీదే నిలబడి ఉందని, నాకు కనబడలేదని, నేనే తప్పు మాట అన్నానని చెప్పాను. అంగడి అతను వీడియో చూశాడు. నిజమేలే అన్నాడు, పెద్ద విశేషమేమీ కానట్టు. కునుకు తీసి ఉంటావన్న ఆయన గ్లాసు కింద పెట్టి, చెప్పు వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాడు. అవ్వ అంగడి ముందు బెంచీ మీద, నడిమిన కూర్చుని, ఒక టీ ఇయ్యప్పా అంది.

ఇప్పుడు నేను రైల్లోనే హిందూపురం పోతున్నాను. పొద్దున, సాయంత్రం చుక్కలు వేసుకుంటాను. ఉన్న చూపు నిలబడిందని పోయిన నెల పరీక్షలో తేలింది. తమ్ముడిని బలవంతాన ధర్మవరం తీసుకుపోతే వాడికీ మొదలైందని తెలిసింది, తొందరగా పట్టుకున్నాం కాబట్టి నష్టం తక్కువేనట. చిన్నాయన ఇంటికి పోయి నాయన సంగతి చెప్పాను. ఆయన విని, తువ్వాలు మొహం మీద కప్పుకుని లోపలికి పోయాడు, ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు. నేను రోడ్డు దాటే ముందు తల ఎడమకు తిప్పి, ఆగి, మళ్లీ తిప్పి చూస్తాను. ఖాళీగా ఉన్న రోడ్డును చూస్తే ఇప్పుడు నాకు గుండె దడగా ఉంటుంది.